చార్టులో ఒకే చుక్క

ఫిబ్రవరి 2

ఫ్యాక్టరీకి కొత్త చొక్కాల ఆర్డరు రాలేదు. చేతిలో ఉన్నవాటిలో పెద్దది ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఈ రెండు ముక్కలు చెప్పడానికి మేనేజరు మా ఆరుగురు సూపర్వైజర్లనీ గంటసేపు నిలబెట్టాడు. కుర్చీలున్నాయి. ఎవరమూ కూర్చోలేదు. ఆరు లైన్లలో మూడు లైన్ల మంది వెళ్లిపోవాలట. "ఏ మూడు లైన్లండీ?" అని రెండో లైన్ సూపర్వైజరు అడిగాడు. లైన్లని బట్టి కాదు, మనుషుల్ని బట్టి అన్నాడు మేనేజరు. ప్రతి లైన్లోనూ నలభైమందిలో ఇరవైమంది ఉంటారు, ఇరవైమంది వెళ్తారు. సూపర్వైజర్లలో ముగ్గురు ఉంటారు, ఎవరి లైన్ రికార్డు బాగుందో వాళ్లు.

నా లైన్ రికార్డు బాగుంది. మూడేళ్లుగా బాగుంది.

మీటింగు అయ్యేసరికి వదిన ముందు బస్సులో వెళ్లిపోయింది. ఇంటికొచ్చి చల్లనీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. వదిన వచ్చి చూసి, "ఏంటే, మొహం అలా పెట్టావు?" అంది. నిలబడీ నిలబడీ కాళ్లు లాగుతున్నాయన్నాను. అదీ నిజమే.

ఫిబ్రవరి 3

పొద్దున్నకల్లా అందరికీ తెలిసిపోయింది. మా ఫ్యాక్టరీలో కబురు మోయడానికి మైకు అక్కర్లేదు, కాజాలు కుట్టే ఆవిడ ఒక్కతి చాలు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. నేను పక్కనుంచి వెళ్తుంటే మిషన్లు కాస్త మెల్లగా ఆడుతున్నాయి, దాటి వెళ్లాక మళ్లీ వేగం అందుకుంటున్నాయి.

వదిన ఒక్కతే తల ఎత్తలేదు. పదకొండో మిషను, కాలర్. చొక్కాలో మిగతా ముక్కలన్నీ ఒక ఎత్తు, కాలర్ ఒక్కటీ ఒక ఎత్తు. కొసలు రెండూ సమానంగా రావాలి, మెడ దగ్గర ముడత పడకూడదు. లైన్లో కాలర్ ఆగితే వెనక ఇరవై మిషన్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. వదిన మిషను ఆరేళ్లలో ఆగలేదు.

ఫిబ్రవరి 5

చార్టుని బట్టి తీసేస్తారట.

చార్టు అంటే గోడకున్న ఆ అట్టే. మనిషికో వరుస, పనికో గడి. కాలర్, కఫ్, జేబు, చేతులు, పక్కకుట్టు, కాజాలు, గుండీలు ఇలా తొమ్మిది. ఏ పని వస్తే ఆ గడిలో నల్ల చుక్క. మూడు చుక్కలకి తక్కువున్నవాళ్లు ముందు వెళ్తారు. చుక్కలు ఎక్కువున్నవాళ్లు ఉంటారు. యూనియన్ కూడా ఒప్పుకుందట, ఇందులో మొహం చూసి చేసేదేమీ లేదు కాబట్టి.

మా లైన్ చార్టులో ఆరేళ్లుగా చుక్కలు పెడుతున్నది నేనే.

వదిన వరుసలో ఒకే చుక్క ఉంది. కాలర్ దగ్గర.

అందరు సూపర్వైజర్లూ ఇలాగే చేస్తారు. ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. పొద్దున్నే ఏ లైన్లోనో మనిషి రాకపోతే ఆ సూపర్వైజరు పరిగెత్తుకొచ్చి పక్క లైన్ల చార్టులు చూస్తాడు. జేబు కుట్టడం వచ్చినవాళ్లెవరు, కఫ్ వచ్చినవాళ్లెవరు అని. చుక్క కనిపిస్తే ఆ మనిషిని పట్టుకుపోతాడు, సాయంత్రం దాకా తిరిగిరాదు. అందుకని మంచి చెయ్యికి ఒక్క చుక్కే పెడతాం. పని అంతంతమాత్రం వచ్చినవాళ్లకి వరుసంతా చుక్కలు పెడతాం, పట్టుకుపోతే పట్టుకుపోనీ అని. మా గుండీలావిడకి ఆరు చుక్కలున్నాయి. ఆవిడకి గుండీలే సరిగా రావు. ఎవరు మనిషిని అప్పడిగినా ఆవిడనే పంపేదాన్ని. మర్నాడు వాళ్లు నన్ను తిట్టుకునేవారు, నేను నవ్వుకునేదాన్ని.

ఫిబ్రవరి 6

చార్టు కాగితమే కదా. ఆఫీసువాళ్లకి కళ్లు లేవా? వదిన పని తెలియనిదెవరికి?

ఫిబ్రవరి 8

సెలవు. అన్నయ్య నడుముకి పట్టీ కట్టుకుని వరండాలో పేపరు చదివాడు, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, మళ్లీ మొదటి పేజీ. గోడలకి రంగులేస్తూ నిచ్చెన మీంచి పడ్డప్పటినుంచి అతని లోకం ఆ వరండాయే. ఇల్లు నడుస్తున్నది వదిన జీతం మీద, నా జీతం మీద. నాది తర్వాత వచ్చి చేరింది. అంతకుముందు అంతా వదినదే.

తొమ్మిదేళ్ల కింద నేను మొగుడి ఇల్లు వదిలేసి ఒక్క సంచితో ఈ గుమ్మంలోకి వచ్చాను. అన్నయ్య ఏం మాట్లాడాలో తెలియక నీళ్లు నమిలాడు. వదిన నన్ను ఇంట్లో మూలనున్న కుట్టు మిషను ముందు కూర్చోబెట్టి, "ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. ముందు ఈ సూదిలో దారం ఎక్కించు" అంది. ఎక్కించడానికి పావుగంట పట్టింది. రెండు నెలల్లో చొక్కా మొత్తం నేర్పింది, కాలర్ తప్ప. కాలర్ నాకు ఇప్పటికీ కుదరదు. ఫ్యాక్టరీలోకి తనే తీసుకెళ్లింది. సూపర్వైజరు పని ముందు తనకే ఇస్తామన్నారు. "అరవడం నా వల్ల కాదు, మా పిల్ల అరుస్తుంది" అని నన్ను చూపించింది.

మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ అడిగింది, "నా పేరు ఉంటుందంటావా పిల్లా?"

"నువ్వు లేకపోతే నా లైనేం లైను వదినా?" అన్నాను.

అబద్ధం కాదు. అడిగినదానికి జవాబూ కాదు.

ఫిబ్రవరి 10

చార్టులో తప్పులుంటే పద్దెనిమిదో తేదీలోపు ఆఫీసులో చెప్పుకోవచ్చని నోటీసు పెట్టారు.

యూనియన్ సెక్రటరీ క్యాంటీన్లో వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. వారం రోజులుగా మాట్లాడీ మాట్లాడీ గొంతు బొంగురుపోయింది. నా మొహం చూసి కనిపెట్టాడనుకుంటాను.

"మీ లైన్లో ఏమైనా సరిచేయాలనుకుంటున్నావా?"

"ఒక్క వరుస."

"ఒక్కటి అంటూ ఉండదమ్మా. ఒక్కటి తప్పని నువ్వంటే, మొత్తం తప్పని వాళ్లంటారు. చార్టు పక్కన పడేస్తారు. అప్పుడు వాళ్లకి కావలసినవాళ్లు మిగులుతారు. నేను చెమటోడ్చి ఒప్పించుకున్న పద్ధతి ఇది."

"మా వదినకి తొమ్మిది పనులూ వచ్చు."

"నాకు తెలుసు. నా పెళ్లి చొక్కా ఆవిడే కుట్టింది." టీ చల్లారిపోతున్నా తాగలేదతను. "అందరం మనవాళ్లమే కదమ్మా. ఎవరికని న్యాయం చేస్తావు?"

లేచి నా గ్లాసు కడిగే చోట పెట్టి లైన్‌కి వెళ్లిపోయాను.

ఫిబ్రవరి 11

చార్టు ముందు నిలబడి చుక్కలు లెక్కపెట్టాను. పైనుంచి ఇరవై. ఇరవయ్యో మనిషి గుండీలావిడ. వదిన పైకి వస్తే ఆవిడ కిందికి వెళ్తుంది.

ఆవిడ కళ్లజోడు విరిగిన చోట దారం చుట్టుకుంటుంది. ఇంట్లో మంచం దిగలేని తల్లి. ఆవిడకి నేను చుక్కలు పెట్టింది దయతో కాదు. అయినా ఇప్పుడు చూస్తే దయలాగే కనిపిస్తోంది.

ఫిబ్రవరి 12

వెళ్లాలి ఆఫీసుకి.

ఫిబ్రవరి 13

రేపు వెళ్లాలి.

ఫిబ్రవరి 14

ఒక విషయం ఆలోచించాను. వదిన చేతికి ఎక్కడైనా పని దొరుకుతుంది. ఊరవతల కొత్త ఫ్యాక్టరీ పెట్టారు, మనుషులు దొరక్క ఆటోలో మైకు పెట్టి తిప్పుతున్నారు. వదిన వెళ్లి ఒక్క కాలర్ కుట్టి చూపిస్తే కళ్లకద్దుకుని తీసుకుంటారు. గుండీలావిడని ఎవరు తీసుకుంటారు? ఎటు చూసినా, ఏమీ కదపకుండా ఉండడమే మంచిదనిపిస్తోంది. ఇది నా కోసం అనుకోవడం లేదు. నా రికార్డు ఎలాగూ బాగానే ఉంది.

ఫిబ్రవరి 16

భోజనాల వేళ మెట్లెక్కి ఆఫీసు గుమ్మం దాకా వెళ్లాను. చార్టుల సంగతి చూసే ఆఫీసరమ్మ క్యారియరు విప్పుకుని తింటోంది. నన్ను చూసి, "ఏమైనా పనా? రెండు నిమిషాలు కూర్చో" అంది. పర్వాలేదండీ, తర్వాత వస్తానన్నాను.

రెండు నిమిషాలు ఆగొచ్చు. ఆగలేదు. మెట్లు దిగుతుంటే ప్రాణం హాయిగా ఉంది, బడి ఎగ్గొట్టిన రోజులాగా. నలభై నాలుగేళ్లున్నాయి నాకు.

ఫిబ్రవరి 18

తలనొప్పి. సెలవు పెట్టాను. వదిన వెళ్లేముందు నుదుటికి తడిగుడ్డ వేసి వెళ్లింది.

ఫిబ్రవరి 20

జాబితా అతికించారు. గేటు లోపల గోడకి, సైకిళ్లు పెట్టేచోట. వెళ్లిపోయే నూట ఇరవైమంది పేర్లు. కొందరు ఫోను పైకెత్తి ఫొటో తీసుకున్నారు. కొందరు చూడకుండా లోపలికి వెళ్లిపోయి ఎవరైనా చెబుతారని కూర్చున్నారు. కాజాలావిడ పేరూ ఉంది, ఈసారి ఆవిడ కబురు మోయలేదు.

వదిన వేలు పెట్టి పైనుంచి కిందికి చదివింది. తన పేరు దగ్గర వేలు ఆగింది, మళ్లీ కదిలింది. చివరిదాకా చదివి లోపలికి వచ్చి కూర్చుని కాలర్ల కట్ట విప్పింది. నేను దగ్గరికెళ్లి, "ఇవాళ వద్దులే వదినా" అన్నాను.

"ఈ కట్ట ఎవరు కుడతారే? నువ్వా?" అని నవ్వింది.

లైన్లో కొందరు ఏడ్చారు. నేను ఏడవలేదు, కళ్లు మండాయంతే. మధ్యాహ్నం నీళ్ల పంపు దగ్గర వదిన నా చెయ్యి పట్టుకుంది. "నువ్వెందుకే అలా అయిపోతావు? పైవాళ్లు రాసిందానికి నువ్వేం చేస్తావు? ఊరుకో" అంది.

తనే నన్ను ఓదార్చింది. నేను ఊరుకున్నాను.

సూపర్వైజర్ల జాబితా వేరే. ఉండే ముగ్గురిలో నేనున్నాను.

ఫిబ్రవరి 21

ఏం రాయాలో తెలియడం లేదు.

ఫిబ్రవరి 24

ఇది ఎక్కడా రాయలేదు, ఈ పుస్తకంలో కూడా.

రెండేళ్ల కింద శాంపిల్ మాస్టరు మా లైన్‌కి వచ్చాడు. శాంపిల్ గదిలో మనుషులు నలుగురే. కొత్త చొక్కా ఏది మొదలుపెట్టినా ముందు అక్కడ ఒక్కరే మొదటినుంచి చివరిదాకా కుట్టి చూపిస్తారు. కిటికీ పక్కన కూర్చోవచ్చు. టార్గెట్ ఉండదు, తరిమేవాళ్లుండరు, జీతమూ ఎక్కువ. వాళ్లలో ఒకావిడ మానేసింది. మాస్టరు వదిన మిషను దగ్గర కాసేపు నిలబడి చూసి నా దగ్గరికొచ్చాడు.

"ఆవిడకి చొక్కా మొత్తం వచ్చా అమ్మా?"

"కాలర్ తప్ప ఏమీ రాదు మాస్టారూ" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. చార్టు చూశాడు, ఒకే చుక్క. పోనీలే అని ఆరో లైన్‌కి వెళ్లాడు. ఆ సాయంత్రం అన్నయ్య వేసుకుని తిరిగిన చొక్కా వదిన ఆ వారమే కుట్టింది, అన్నీ తనే. భోజనాల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. నేను చెప్పలేదు.

ఆ నెల మా లైన్‌కి మొదటి బహుమతి వచ్చింది. కప్పు నా చేతికిచ్చారు. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది వదినే.

ఫిబ్రవరి 28

ఆఖరి రోజు. ఒక్కొక్కరినీ పిలిచి చేతిలో కవరు పెట్టారు, సర్టిఫికెట్ పెట్టారు. ఇక్కడ ఇన్నేళ్లు పనిచేశారు, ఈ పనులు వచ్చు అని అందులో ఉంటుంది. ఇంకోచోట పని అడగాలంటే అది చూపించాలి. వదిన కవరు విప్పకుండానే సంచిలో పెట్టుకుంది.

వెళ్లేముందు మిషను తుడిచి, నూనె చుక్క వేసి, మూత పెట్టింది. పదకొండో మిషను మీద ఎల్లుండి ఇంకెవరో కూర్చుంటారు. సగం లైన్ దీపాలు ఆర్పేశారు. గుండీలావిడ అవతల దీపాల కింద మిగిలినవాళ్లలో కూర్చుని, ఎటు చూడాలో తెలియక కళ్లజోడు తుడుచుకుంటోంది.

బస్సులో వదిన నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

మార్చి 3

వదిన పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని కొత్త ఫ్యాక్టరీకి వెళ్లింది. నేను పనికి వెళ్లి వచ్చేసరికి వరండాలో అన్నయ్య పక్కన కూర్చుని ఉంది. చేతిలో సర్టిఫికెట్.

"గేటు దగ్గరి మనిషే కాగితం చూసి తిరిగిచ్చేశాడు" అంది. "ఒక్క కాలరేనా, మాకు నాలుగైదు పనులు వచ్చినవాళ్లు కావాలి అన్నాడు. నాకు అన్నీ వచ్చు బాబూ, ఒక్కసారి మిషను మీద కూర్చోబెట్టి చూడండి అని బతిమాలాను. కాగితంలో లేనివాళ్లని లోపలికి పంపను, నన్ను తిడతారు అన్నాడు. యాభై దాటినదాన్ని, అబద్ధం చెబుతున్నాననుకున్నాడు."

అన్నయ్య కాగితం తీసుకుని చదివాడు. "కాలర్ మాత్రమే అనుంది. ఇదేంటి? ఎవరో పొరపాటున రాసుంటారు" అన్నాడు.

"చార్టు చూసి రాశారట" అంది వదిన. నా వైపు తిరిగింది. "చార్టు ఎవరు రాశారే?"

"నేనే."

"తెలియక రాశావా?"

ఎంత మంచి దారి చూపించిందో. అవును వదినా, మరిచిపోయాను, పనుల హడావుడిలో ఎప్పటికప్పుడు మార్చలేదు అనొచ్చు. నమ్మేది. నమ్మడానికి సిద్ధంగా ఉంది కూడా. నోటి దాకా వచ్చింది.

"తెలిసే రాశాను" అన్నాను. "నిన్ను ఎవరూ తీసుకెళ్లకూడదని."

అన్నయ్య పేపరు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. వదిన లోపలికెళ్లి చీర మార్చుకుని వంట మొదలుపెట్టింది. గరిటె చప్పుడు మామూలుగానే వినిపించింది. నేను చెప్పులు విప్పకుండా చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను.

మార్చి 4

ఇవాళ ఆఫీసరమ్మ ముందు కుర్చీలో కూర్చున్నాను. మొత్తం చెప్పాను.

"గడువులోపు ఎందుకు రాలేదు?" అంది.

"భయపడ్డాను."

"ఇప్పుడు జాబితా మారదు. యూనియన్‌తో సంతకాలైపోయాయి. ఆవిడని మళ్లీ తీసుకోవడం నా చేతిలో లేదు."

"సర్టిఫికెట్ మార్చండి చాలు."

ఆవిడ కలం మూత పెట్టింది. ఆవిడ కళ్ల కింద కూడా నల్లగా ఉంది, నూట ఇరవై కవర్లు ఆవిడే ఇచ్చింది కదా. "మార్చాలంటే చార్టు తప్పని సూపర్వైజరు రాసిచ్చి సంతకం పెట్టాలి. తప్పు రికార్డు రాసినట్టు నువ్వే ఒప్పుకున్నాక నిన్ను ఉంచలేను. తెలుసు కదా?"

"తెలుసండీ."

"ఈ చార్టులో తప్పు ఆవిడ వరుస ఒక్కటేనా? ఇంకేమైనా ఉన్నాయా?"

గుండీలావిడ ఆరు చుక్కలు కళ్ల ముందు కదిలాయి. దారం చుట్టిన కళ్లజోడు. సెక్రటరీ బొంగురు గొంతు.

"ఒక్కటేనండీ. మా వదినది ఒక్కటే."

ఆవిడ నమ్మలేదు. ఆ మాట పైకి అంటే ఇంకో నెల పని పెరుగుతుంది ఆవిడకి. కాగితం నా ముందుకి జరిపింది. ఒక నిజం, ఒక అబద్ధం పక్కపక్కనే రాసి సంతకం పెట్టాను.

కొత్త సర్టిఫికెట్లో తొమ్మిది పనులూ రాసిచ్చారు. ఇంటికి తెచ్చి వదిన చేతిలో పెట్టాను. నా పని పోయిందని కూడా చెప్పాను. అది చెబుతున్నప్పుడు లోపల ఎక్కడో చిన్న ఆశ ఉంది, ఇప్పుడైనా దగ్గరికి తీసుకుంటుందని. సిగ్గు లేకపోతే సరి. ఆ ఆశతోనే శాంపిల్ మాస్టరు సంగతి కూడా చెప్పేశాను. అంతా కడిగేసుకోవాలనిపించింది.

సర్టిఫికెట్ గురించి వదిన కోపం తెచ్చుకోలేదు. జాబితా గురించీ తెచ్చుకోలేదు. ఇది వినగానే మాత్రం మంచం మీద కూర్చుండిపోయింది.

"ఆ రోజు ఇంటికొచ్చి నాకు చెప్పలేదేం?"

"చెబితే వెళ్లిపోతావని."

"వెళ్లేదాన్ని కాదే." గొంతు చాలా మెల్లగా ఉంది. "నిన్ను ఆ లైన్లో వదిలేసి కిటికీ పక్కన కూర్చునేదాన్నా నేను? ఒక్క మాట అడిగుంటే, నీతోనే ఉంటాననేదాన్ని. మా పిల్ల కోసం ఉన్నానని నాకూ తెలిసేది, నీకూ తెలిసేది. ఆ మాట నా నోటితో అననివ్వలేదు నువ్వు. కట్టేసి పెట్టుకున్నావు."

నిజంగా ఉండేది. అది నాకు అప్పుడూ తెలుసు. తెలిసే అడగలేదు, ఎందుకంటే ఒకవేళ, వందలో ఒక్క వంతు ఒకవేళ, వెళ్తానంటే?

ఏడ్చాను. ఏడవొద్దని ఎవరూ అనలేదు.

మార్చి 7

సెక్రటరీ బస్టాపులో కనిపించాడు. చార్టు జోలికి ఇంకెవరూ వెళ్లలేదట, గండం గడిచిందట. అది వేరే ఎవరితోనో చెబుతుంటే విన్నాను. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

మార్చి 9

వదినకి కొత్త ఫ్యాక్టరీలో పని దొరికింది. మూడు రోజులు పరీక్ష పెట్టి చూసి, శాంపిల్ గదిలోనే వేశారట. అన్నయ్య చెప్పాడు.

మార్చి 11

ఇంట్లో ఉంటే పొద్దు గడవదు. వంట, గిన్నెలు, అన్నయ్య మందులు అన్నీ అయ్యాక చూస్తే పదిన్నర. ఇన్నేళ్లూ కాళ్లు పీకుతున్నాయని సతాయించాను కదా, ఇప్పుడు కూర్చున్నా పీకుతున్నాయి.

సాయంత్రం గుండీలావిడ వచ్చింది, అడ్రసు కనుక్కుని మరీ. వదిన అప్పుడే పని నుంచి వచ్చింది. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. "మీరు పెట్టిన చుక్కల వల్లే నా పని నిలబడిందమ్మా. నాకేమీ రాదని నాకు తెలియదా? మా అమ్మ మందులు ఆగలేదంటే మీ చలవే. మీరు చల్లగా ఉండాలి" అంది. చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది, లాక్కోలేకపోయాను. వదిన వింటూ నిలబడింది. లోపలికెళ్లి ఆవిడకి టీ పెట్టి తెచ్చి ఇచ్చింది. కాలర్ ఎలా తిప్పితే మెడ దగ్గర ముడత పడదో ఆవిడ అడిగితే, రుమాలు మడిచి చూపించింది. పదకొండో మిషను మీద ఇప్పుడు ఆవిడనే కూర్చోబెడుతున్నారట. ఇద్దరూ నవ్వుకున్నారు.

మార్చి 16

వదిన మామూలుగానే ఉంది. నా బట్టలు తీగ మీంచి తీసి మడతపెట్టి నా మంచం మీద పెడుతుంది. నా వాటా ఉంచే గిన్నె మీద మూత మర్చిపోదు. విసురు లేదు, దెప్పు లేదు. ఎవరైనా చూస్తే ఈ ఇంట్లో ఏమీ జరగలేదనుకుంటారు.

ఇవాళ పని నుంచి ఆలస్యంగా వచ్చింది. నేను మధ్య గదిలో బియ్యం ఏరుతున్నాను. తలుపు తెరిచే ఉంది, తను వంటగదిలోంచి నాకు కనిపిస్తోంది, నేనూ తనకి కనిపిస్తున్నాను. వరండాలో ఉన్న అన్నయ్యని పిలిచింది.

"ఏవండీ, మీ చెల్లెలు మధ్యాహ్నం తిందో లేదో అడగండి."

అన్నయ్య అక్కడినుంచే అడిగాడు. తిన్నానని అన్నయ్యకే చెప్పాను.